వైద్య సమాచార మార్పిడి: వేరే దారి కావాలా, వేరే భాష కావాలా?

బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు క్షణాల్లో చేరుతోంది. ఒక ఆసుపత్రిలో చేసిన రక్తపరీక్ష ఫలితం మాత్రం అదే ఊళ్లోని మరో ఆసుపత్రికి చాలాసార్లు కాగితంగానో, ఫోనులో తీసిన ఫోటోగానో వెళుతోంది. డాక్టరు దాన్ని చదివి మళ్లీ రాసుకుంటారు, లేదా పరీక్షే మళ్లీ చేయిస్తారు. లోకమంతా వాడుతున్న మామూలు ఇంటర్నెట్ ప్రోటోకాల్స్ వైద్యానికి మాత్రం ఎందుకు సరిపోవు, హెచ్‌ఎల్‌7, డైకామ్, ఎఫ్‌హెచ్‌ఐఆర్ వంటి ప్రత్యేక ప్రమాణాలు నిజంగా కావాలా అన్న చర్చ ఇక్కడే మొదలవుతుంది.

ఈ చర్చ దశాబ్దాలుగా సాగుతోంది. ఒక పక్షం ప్రత్యేక ప్రమాణాలే వైద్య సాఫ్ట్‌వేర్‌ను వెనకబెట్టాయంటుంది. మరో పక్షం అవి లేకపోతే రోగి ప్రాణానికే ముప్పంటుంది. ఇద్దరూ చాలాసార్లు వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతూ ఒకే విషయంపై వాదిస్తున్నామనుకుంటారు. మన దేశంలో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ రెండు మార్గాలనూ ఒకే చూరు కింద ప్రయత్నిస్తోంది కాబట్టి, లెక్క తేల్చుకోవలసిన సమయం ఇదే.

రెండు పరంపరలు

వైద్య ప్రమాణాల చరిత్ర ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందే మొదలైంది. 1983లో అమెరికాలో రేడియాలజిస్టుల సంఘం, ఎలక్ట్రికల్ పరికరాల తయారీదారుల సంఘం కలిసి ఒక కమిటీ వేశాయి. ఒక కంపెనీ సీటీ స్కానర్ తీసిన చిత్రాన్ని మరో కంపెనీ యంత్రం చదవలేకపోవడం వారి ముందున్న సమస్య. 1985లో తొలి ప్రమాణం వచ్చింది. 1993 నాటికి అదే డైకామ్‌గా రూపుదిద్దుకుంది. చిత్రంతో పాటు రోగి వివరాలు, యంత్రం అమరికలు, కొలతలు అన్నీ ఒకే ఫైలులో ఉండటం దాని బలం. నేడు ఎంఆర్‌ఐ, సీటీ రంగంలో దానికి పోటీయే లేదు.

1987లో హెచ్‌ఎల్‌7 సంస్థ పుట్టింది. నెట్‌వర్కును ఏడు పొరలుగా చూసే ఓఎస్‌ఐ నమూనాలో అన్నిటికంటే పైనున్న ఏడో పొర మీదే, అంటే సందేశంలోని విషయం మీదే, తాము పని చేస్తామని పేరులోనే చెప్పుకున్నారు. దాని రెండో వెర్షన్ సందేశాలు నిలువుగీతలతో విడదీసిన అక్షరాల వరుసలు. రోగి వివరాలకు ఒక వరుస, పరీక్ష ఆదేశానికి ఒకటి, ఫలితానికి మరొకటి. రోగి చేరగానే, డిశ్చార్జి కాగానే, ల్యాబ్ ఫలితం రాగానే ఆ సందేశం సంబంధిత విభాగాలకు వెళ్లిపోతుంది. చూడటానికి పాతకాలపు సరుకులా ఉన్నా అమెరికా ఆసుపత్రుల్లో అత్యధికం నేటికీ లోపల దీనిమీదే నడుస్తున్నాయి. ఎక్కడికక్కడ సొంత వరుసలు చేర్చుకునే వీలివ్వడం దాన్ని బతికించింది. ఆ వీలువల్లే ఒక ఆసుపత్రి సందేశం మరో ఆసుపత్రికి అర్థం కాకుండా పోయింది.

రెండో పరంపర సాధారణ ప్రోటోకాల్స్‌ది. హెచ్‌టీటీపీ 1990ల ఆరంభంలో వచ్చింది. 1998లో ఎక్స్‌ఎంఎల్ ప్రమాణమైంది. 2000లో రాయ్ ఫీల్డింగ్ తన పరిశోధనా వ్యాసంలో రెస్ట్ అనే నిర్మాణశైలిని వివరించారు. తర్వాత డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రచారంలోకి తెచ్చిన జేసన్ తన తేలికదనంతో ఎక్స్‌ఎంఎల్ స్థానాన్ని చాలాచోట్ల ఆక్రమించింది. చమురు పైపులైన్ల మీది పరికరాల కోసం 1999లో రూపొందిన ఎంక్యూటీటీ నేడు సెన్సార్ల లోకంలో సర్వసాధారణం. ఏ రంగం సమాచారమన్నది వీటికి పట్టదు. ఇచ్చినదాన్ని చెక్కుచెదరకుండా చేరవేయడమే వాటి పని.

రెండు పరంపరలూ 2011లో కలిశాయి. హెచ్‌ఎల్‌7 మూడో వెర్షన్ భారమై కుంటుతున్న దశలో ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహమ్ గ్రీవ్ కొత్త ప్రతిపాదన చేశారు. వైద్య భావనలను చిన్న చిన్న ‘రిసోర్సులు’గా విడదీసి, వాటిని హెచ్‌టీటీపీ, జేసన్, ఎక్స్‌ఎంఎల్ ద్వారానే మార్చుకుందామన్నది దాని సారం. అదే ‘ఫైర్’ అని పలికే ఎఫ్‌హెచ్‌ఐఆర్. 2013లో హెచ్‌ఎల్‌7 తన ప్రమాణాలను ఉచితంగా అందుబాటులోకి తేవడం దాని వ్యాప్తికి తోడైంది. అమెరికాలో 2016 నాటి క్యూర్స్ చట్టం, దాని కింద 2020లో వచ్చిన నిబంధనలు ఫైర్ నాలుగో విడుదలను దాదాపు తప్పనిసరి చేశాయి.

వైద్య సమాచారం తేడా ఎక్కడ?

‘షుగర్: 126’ అన్న ఒక్క ఫలితాన్ని తీసుకుందాం. జేసన్‌లో దీన్ని రాయడం ఒక వరుస పని. ప్రపంచంలోని ఏ కంప్యూటరైనా చదువుతుంది. కానీ చదివినదానితో ఏం చేయాలో దానికి తెలియదు.

పరగడుపున తీసిన రక్తంలో డెసీలీటరుకు 126 మిల్లీగ్రాములంటే మధుమేహ నిర్ధారణకు వాడే హద్దు. భోజనమైన రెండు గంటలకు అదే అంకె మామూలే. విజయవాడలో 126 అని రాసే ఫలితాన్ని బ్రిటన్‌లో లీటరుకు 7.0 మిల్లీమోల్స్ అని రాస్తారు. కాబట్టి అక్కడున్న కొడుకు దగ్గరికి వెళ్లిన తండ్రి రిపోర్టులో కొలత యూనిట్ లేకుండా అంకె ఒక్కటే ఉంటే, అక్కడి డాక్టరుకు అది అర్థరహితం, యంత్రానికి ప్రమాదకరం. వేలు గుచ్చి తీసిన రక్తమా, సిర నుంచి తీసినదా, ప్రాథమిక ఫలితమా, తుది ఫలితమా, తర్వాత సవరించారా, పొరపాటున వేరే రోగి పేరున నమోదైందా అన్నవన్నీ ఆ అంకెలో భాగాలే. ఫైర్‌లోని ‘అబ్జర్వేషన్’ రిసోర్సు వీటన్నిటికీ స్థానం కేటాయించింది. పొరపాటు నమోదుకు ప్రత్యేక స్థితి కూడా పెట్టింది.

లేనితనం గురించి చెప్పడం రెండో తేడా. రోగికి పెన్సిలిన్ పడదా అన్న గడి ఖాళీగా ఉంటే, అడిగితే లేదన్నారా, అసలు అడగలేదా, అడిగే స్థితిలో రోగి లేరా? సాధారణ డేటా నమూనాల్లో ఖాళీ అంటే ఖాళీయే. వైద్యంలో ఈ మూడింటికీ మూడు వేర్వేరు చికిత్సా నిర్ణయాలుండవచ్చు. అందుకే సమాచారం లేకపోవడానికి కారణం రాసే గడి వైద్య ప్రమాణాల్లో ఉంటుంది.

మూడో తేడా అన్నిటికంటే లోతైనది, చర్చల్లో తక్కువగా వినిపించేది. తెలియని గడి కనిపిస్తే పక్కనపెట్టి ముందుకు సాగమని వెబ్ లోకం నేర్పింది. పాత యాప్‌లు కొత్త సర్వర్లతో ఇబ్బంది లేకుండా మాట్లాడగలగడానికి ఈ ఉదారతే కారణం. వైద్యంలో అదే ప్రాణాంతకం కావచ్చు. ‘ఈ మందు ఇవ్వవద్దు’ అన్న ఆదేశంలో ‘వద్దు’ అనే గడి చదివే యంత్రానికి తెలియకపోతే, మిగిలేది ‘ఈ మందు’ మాత్రమే. అందుకే అర్థాన్ని తిప్పేసే గడులను ఫైర్ వేరుగా గుర్తించింది. అలాంటి గడి తెలియని యంత్రం మిగతాది ఊహించుకుని ముందుకు సాగకూడదన్నది నియమం.

దశాంశాల్లోనూ ఈ జాగ్రత్త కనిపిస్తుంది. జేసన్‌ను చదివే చాలా ప్రోగ్రాములకు 0.01, 0.010 ఒక్కటే. ఫైర్‌కు అవి వేరు, ఎందుకంటే చివరి సున్నా ఆ కొలత ఎంత నిశితమో చెబుతుంది.

నాలుగు ఆలోచనా ధోరణులు

*సాధారణమే చాలు.* సమస్య సాంకేతికం కాదు, వైద్య సాఫ్ట్‌వేర్ కంపెనీలు గోడలు కట్టుకోవడమే అసలు రోగం అన్నది ఈ పక్షం వాదన. దీనికి బలమైన రూపం 2010 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడి శాస్త్ర సాంకేతిక సలహా మండలి ఇచ్చిన నివేదిక. ప్రతి సమాచార శకలానికీ ఎవరిది, ఎక్కడిది, ఎవరు చూడవచ్చు అన్న గుర్తులు తగిలించి, ఎక్స్‌ఎంఎల్ తరహా సార్వత్రిక మార్పిడి భాషలో పంపుకుందామని అది సూచించింది. వెబ్ అంతటి వేగం వైద్యానికీ వస్తుందన్నది ఆశ. శకలాలుగా విడదీస్తే సందర్భం చెదిరిపోతుందన్నది విమర్శ. ఆ నివేదిక కోరినట్టు కొత్త భాష పుట్టలేదు. కానీ మూసిన గోడలపై అది ఎక్కుపెట్టిన విమర్శ తర్వాతి చట్టాల దారి సుగమం చేసింది.

*ముందు నమూనా.* వైద్య జ్ఞానాన్ని పకడ్బందీగా నిర్వచించిన తర్వాతే మార్పిడి గురించి మాట్లాడాలన్నది రెండో ధోరణి. హెచ్‌ఎల్‌7 మూడో వెర్షన్ వైద్యంలోని సమస్తాన్నీ ఒకే మూల నమూనా నుంచి పుట్టించాలనుకుంది. దాని నుంచి వచ్చిన పత్ర ప్రమాణం సీడీఏ నిలబడింది. బ్రిటన్ జాతీయ ఆరోగ్య వ్యవస్థలో సందేశాలకూ ఆ వెర్షన్ ఉపయోగపడింది. అయినా నేర్చుకోవడం, అమలు చేయడం తలకు మించిన పనయింది. ఆ మూల నమూనా తార్కికంగానే పొసగదని 2006లో బారీ స్మిత్, వెర్నర్ క్యూస్టర్స్ తీవ్రంగా విమర్శించారు. ఇదే ధోరణిలో మరో శాఖ ఓపెన్‌ఈహెచ్‌ఆర్. సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని, వైద్య భావనల నిర్వచనాన్ని వేరుచేసి, రెండో పనిని వైద్యుల చేతికే ఇవ్వాలంటుంది. మార్పిడికంటే దీర్ఘకాలం నిల్వ ఉంచడంలో దాని బలం ఎక్కువ.

*మధ్యేమార్గం.* దారి సాధారణం, భాష ప్రత్యేకం అన్నది ఫైర్ పద్ధతి. చాలా వ్యవస్థలు ఇప్పటికే వాడే అంశాలనే మూల ప్రమాణంలో పెట్టి, మిగతావి విస్తరణలుగా చేర్చుకోనిస్తుంది. లాగిన్, అనుమతుల కోసం కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. బోస్టన్‌లో మొదలైన స్మార్ట్ ప్రాజెక్టు వెబ్‌లో అందరూ వాడే ఓఆత్ 2నే ఫైర్‌కు జతచేసింది. మామూలు వెబ్ ప్రోగ్రామరు త్వరగా నేర్చుకోగలగడం దీని గొప్ప విజయం. దేశానికో, ఆసుపత్రికో ఒక ‘ప్రొఫైల్’ తయారై, ఒకే ఫైర్‌లో అనేక మాండలికాలు పుడుతున్నాయన్నది ప్రధాన విమర్శ. హెచ్‌ఎల్‌7 రెండో వెర్షన్ సొంత వరుసల కథే ఇక్కడా పునరావృతమవుతోందని కొందరి ఆందోళన.

*యంత్రమే చదువుతుంది.* భాషా నమూనాలు వచ్చాక నాలుగో వాదన వినిపిస్తోంది. డాక్టరు రాసిన మామూలు వాక్యాల నుంచే కృత్రిమ మేధ కావలసింది ఏరుకుంటే ఇంత నిర్మాణం ఎందుకన్నది దాని ప్రశ్న. పాత కేస్‌షీట్ల గుట్టల నుంచి సమాచారం వెలికితీయడానికి ఇది నిజంగా అక్కరకొచ్చే సాధనమే. కానీ రాయని దాన్ని ఏ యంత్రమూ నమ్మదగినట్టు చదవలేదు. పరగడుపునా కాదా అన్నది రిపోర్టులో లేకపోతే, దాన్ని ఊహించడం మేధ కాదు, ప్రమాదం. పైగా వెలికితీసిన సమాచారాన్ని దాచడానికి, సరిచూసుకోవడానికి మళ్లీ ఒక నిర్మాణం కావలసిందే.

పొరలవారీగా పోలిక

వాదాన్ని ఒకే ప్రశ్నగా కాక పొరలుగా విడదీసి చూస్తే చాలా చిక్కు విడిపోతుంది.

రవాణా: సాధారణ ప్రోటోకాల్స్ గెలిచాయి. ఫైర్ హెచ్‌టీటీపీ మీద నడుస్తుంది. డైకామ్ కూడా తన వెబ్ రూపాన్ని తెచ్చుకుంది. అయితే రోగి చేరగానే సందేశం నెట్టే పాత పద్ధతిని, అడిగితేనే ఇచ్చే రెస్ట్ పద్ధతి పూర్తిగా భర్తీ చేయలేదు. ఫైర్ ఐదో విడుదలలో చందా పద్ధతిని కొత్తగా తీర్చిదిద్దింది అందుకే.

రసీదు: ఇక్కడ వైద్యానిదే పైచేయి. సందేశం చేరిందన్న రసీదు వేరు, అది రోగి రికార్డులో నమోదైందన్న రసీదు వేరు అని హెచ్‌ఎల్‌7 రెండో వెర్షన్ ఎప్పుడో గుర్తించింది. సాధారణ నెట్‌వర్కు ఇచ్చేది మొదటిదే.

భద్రత: సాధనాలన్నీ సాధారణమైనవే. సమ్మతి నియమాలు మాత్రం వైద్యానికి ప్రత్యేకం. ఫలానా డాక్టరు, ఫలానా కాలానికి, ఫలానా రికార్డులే చూడవచ్చన్న షరతును ఏ గూఢలేఖన పద్ధతీ తనంతట తాను రూపొందించలేదు.

అర్థం: ఇది పూర్తిగా వైద్య రంగం పని. వ్యాధులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ, ల్యాబ్ పరీక్షలకు 1994లో ఇండియానాపొలిస్‌లోని రీజెన్‌స్ట్రీఫ్ సంస్థ మొదలుపెట్టిన లోయింక్, వైద్య భావనలకు స్నోమెడ్ సీటీ ఉన్నాయి. ఈ కోడ్‌లు లేని ఫైర్ సందేశం వ్యాకరణం ఉండి పదాలు లేని వాక్యం.

భారీ, నిరంతర డేటా: ఐసీయూ మానిటర్ సెకనుకు వందల కొలతలు పంపుతుంది. ఒక్కో కొలతనూ ఫైర్ రిసోర్సుగా చుట్టడం వృథా. ఇక్కడ పరికరాల ప్రత్యేక ప్రమాణాలు, ఎంక్యూటీటీ వంటి సాధారణ ప్రోటోకాల్స్ కలిసి పనిచేస్తున్నాయి. చిత్రాలకు డైకామే దిక్కు.

భారతదేశ ప్రయోగం

కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను ప్రకటించి 2016లో సవరించింది. 2014లో మన దేశం స్నోమెడ్ సీటీ సంస్థలో సభ్యత్వం తీసుకోవడంతో ఆ కోడ్‌లు ఇక్కడ ఉచితమయ్యాయి. 2020 ఆగస్టు 15న ప్రకటించిన డిజిటల్ ఆరోగ్య మిషన్ 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌గా దేశమంతటికీ విస్తరించింది.

ఈ మిషన్‌లోని రెండు భాగాలు రెండు ఆలోచనా ధోరణులకు ప్రతినిధులు. రోగి రికార్డుల మార్పిడి ఫైర్ నాలుగో విడుదల మీద సాగుతుంది. పుణెలోని సీ-డాక్ ఆధ్వర్యంలోని జాతీయ వనరుల కేంద్రం మన అవసరాలకు తగిన ప్రొఫైల్స్ తయారుచేసింది. ఓపీ సంప్రదింపు, మందుల చీటీ, డిశ్చార్జి సమ్మరీ, పరీక్షల నివేదిక, టీకాల రికార్డు ఒక్కోదానికీ ఒక్కో రూపం ఉంది. సమ్మతి పద్ధతికి, ఆర్థిక రంగంలోని అకౌంట్ అగ్రిగేటర్ విధానానికి దగ్గరి పోలికలున్నాయి. ఇక డాక్టరును వెతకడం, అపాయింట్‌మెంట్ తీసుకోవడం వంటి సేవలకు ఉద్దేశించిన యూహెచ్‌ఐ మాత్రం బెకన్ అనే సాధారణ ప్రోటోకాల్ మీద నిర్మితమైంది. ఆన్‌లైన్ వ్యాపారానికి ఉద్దేశించిన ఓఎన్‌డీసీకీ పునాది అదే. వెతకడం, ఎంచుకోవడం, ఖరారు చేయడం ఏ రంగంలోనైనా ఒకటే కాబట్టి ఈ విభజన సబబే. రోగి రికార్డుకు మాత్రం ప్రత్యేక భాష వాడారు. సూత్రప్రాయంగా ఇది చక్కని నిర్మాణం.

చిక్కు ఆచరణలో ఉంది. పీడీఎఫ్‌ను, స్కాన్ చేసిన కాగితాన్ని యథాతథంగా ఫైర్ సందేశంలో పెట్టి పంపే వీలుంది. కంప్యూటర్లే లేని క్లినిక్కులున్న దేశంలో ఆ వీలు అవసరం కూడా. కానీ అలా వెళ్లిన రిపోర్టు నియమాల ప్రకారం ఫైర్, ప్రయోజనం ప్రకారం ఫోటో. 2023 జనవరి నుంచి అమలైన ప్రోత్సాహక పథకం, ఆభా అనే ఆరోగ్య గుర్తింపు ఖాతాలకు జతచేసిన లావాదేవీల సంఖ్యను బట్టి డబ్బిచ్చేలా రూపొందింది. ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్యూఆర్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకునే సౌకర్యం బాగా వాడుకలోకి వచ్చింది. క్యూలో నిలబడే శ్రమ తగ్గించిన మంచి పనే అది. అయితే అక్కడ చేతులు మారుతున్నది రోగి పేరు, వయసు, చిరునామా. వైద్య సమాచారం కాదు.

తెలుగు నేల మీద మరో పాఠమూ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, చికిత్సలను ప్యాకేజీలుగా విడదీసి, ముందస్తు అనుమతులనూ క్లెయిములనూ ఆన్‌లైన్‌లో నడిపింది. కోడ్‌కు డబ్బు ముడిపడితే ఆసుపత్రులు శ్రద్ధగా నమోదు చేస్తాయని అది చూపింది. చెల్లింపు కోసం రాసిన కోడ్ వైద్యసత్యాన్ని మొత్తంగా చెప్పదన్నది దానికి రెండో పార్శ్వం. బిల్లు కోసం రాసే ఐసీడీ కోడ్‌లతో అమెరికాకూ ఇదే అనుభవం. బీమా క్లెయిముల మార్పిడికి ఫైర్ ఆధారంగా రూపొందిన జాతీయ వేదిక ఈ రెండు పాఠాలనూ గుర్తుంచుకోవాలి.

ఇంకా తేలనివి

మొదటిది, మాండలికాల హద్దు. స్థానిక అవసరాలకు ఎంత సడలింపు ఇవ్వాలి? అస్సలు ఇవ్వకపోతే ప్రమాణాన్ని ఎవరూ వాడరు. మితిమీరి ఇస్తే ప్రమాణమే మిగలదు.

రెండోది, వెర్షన్ల మార్పు. హెచ్‌ఎల్‌7 రెండో వెర్షన్ పాత సందేశాలను దశాబ్దాలపాటు చెల్లనిచ్చింది. 2023లో వచ్చిన ఫైర్ ఐదో విడుదలలో కొన్ని రిసోర్సులు మారడంతో చాలా దేశాలు నాలుగో దాని దగ్గరే ఆగాయి. జీవితకాల రికార్డు ఉంచుకోవలసిన రంగంలో ఎంత తరచుగా మారవచ్చన్నది తేలలేదు.

మూడోది, గుర్తింపు. రెండు రికార్డులు ఒకే మనిషివా అన్న ప్రశ్నకు ఏ ప్రోటోకాలూ జవాబివ్వదు. ఆభా సంఖ్య ఒక మార్గం. కానీ అది ఐచ్ఛికం, ఐచ్ఛికంగానే ఉండాలి. ఇంటిపేరు ముందో వెనకో, పుట్టిన తేదీ సుమారుగానో రాసే మన దేశంలో పేర్ల పోలికతో తేల్చడం కష్టం.

నాలుగోది, శ్రమ ఎవరిది? కోడ్ ఎంచుకునే భారం ల్యాబ్ టెక్నీషియన్ మీద, నర్సు మీద, నిమిషాల వ్యవధిలో ఒక్కో రోగిని చూసే డాక్టరు మీద పడుతుంది. లాభం మాత్రం తర్వాత చూసే ఆసుపత్రికి, బీమా సంస్థకు, పరిశోధకులకు చేరుతుంది. శ్రమపడేవారికి ప్రతిఫలం లేని చోట ఎంత మంచి ప్రమాణమైనా ఖాళీ గడులతోనే మిగులుతుంది.

నిలిచే మాట

చరిత్ర మొత్తం చూస్తే ‘వైద్య ప్రమాణాలా, సాధారణ ప్రోటోకాల్సా’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. దారి విషయంలో సాధారణ ప్రోటోకాల్స్ పక్షానిదే న్యాయం. సొంత రవాణా పద్ధతులు కట్టుకోవడం ఇక అనవసరపు ఖర్చు. భాష విషయంలో వైద్య ప్రమాణాల పక్షానిదే న్యాయం. ‘వద్దు’ అన్న మాటను జారవిడిచే స్వేచ్ఛ ఏ యంత్రానికీ ఇవ్వలేం.

ఈ రెండూ దాదాపు తేలిన విషయాలే. అయినా వాదం వాటి చుట్టూనే తిరుగుతుండటం వల్ల అసలు లోటు కనుమరుగవుతోంది. సమాచారం పుట్టేచోటనే, ల్యాబ్ బల్ల దగ్గర, ఓపీ గదిలో, అది సరిగా నమోదు కావడం లేదు. ప్రభుత్వాలు లెక్కించవలసింది ఎన్ని రికార్డులు కదిలాయన్నది కాదు. వాటిలో ఎన్నిటికి యూనిట్, సందర్భం, కోడ్ ఉన్నాయి, ఎన్నిటిని మరో ఆసుపత్రి మళ్లీ పరీక్ష చేయించకుండా వాడుకోగలిగింది అన్నవి. ల్యాబ్ యంత్రం నుంచి ఫలితం నేరుగా కోడ్‌తో రికార్డులోకి చేరే ఏర్పాటు మీద, చిన్న క్లినిక్కులకు సులువైన సాఫ్ట్‌వేర్ మీద, నమోదు చేసే సిబ్బంది సమయం మీద డబ్బు పెట్టాలి. ప్రోత్సాహకం రికార్డుల సంఖ్యకు కాక నాణ్యతకు ముడిపడిన రోజున, ఇప్పుడున్న ప్రమాణాలే చాలావరకు సరిపోతాయి. ఆ పని జరగకపోతే, ఎంత గొప్ప ప్రమాణం తెచ్చినా అది ఫోటోలను మోసే దారిగానే మిగులుతుంది.